కడుపు నిండా తింటూనే బరువు తగ్గవచ్చు

మోకిల మారింది, తిండి మారింది

మోకిల శంకర్‌పల్లి మండలంలోని ఊరు. హైదరాబాదు నుంచి శంకర్‌పల్లికి పోయే రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు ఈ రోడ్డుకు రెండు పక్కలా చేన్లే. జొన్న, కంది, మక్క, కూరగాయలు వేసేవారు. ఆడవాళ్లు పొద్దున్నే కలుపుకు పోయేవారు. బావి నుంచి నీళ్లు మోసేవారు. ఇసుర్రాయి మీద జొన్నలు విసిరేవారు.

ఇప్పుడు చేన్ల జాగాలో విల్లాలు లేచాయి. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ మోకిలలో ప్లాట్లు వేలం వేసింది. పొలం పని తగ్గింది. కొందరు ఆడవాళ్లు విల్లాల్లో ఇంటిపనికి పోతున్నారు. కొందరు ఇంటి దగ్గరే ఉంటున్నారు. నీళ్లు నల్లాలో వస్తున్నాయి. పిండి గిర్నీలో పడుతున్నారు. ఒంటికి శ్రమ తగ్గింది.

తిండి కూడా మారింది. ఇదివరకు జొన్నరొట్టె, గటక, అంబలి తినేవారు. పండుగకో, చుట్టాలు వస్తేనో వరి అన్నం వండేవారు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేద ఇంట్లో కూడా రోజూ అన్నం ఉడికింది. అది మంచిదే. ఆకలి తీరింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. బియ్యం అగ్గువ అయింది. కాని పప్పు పిరమైంది. అందుకే పళ్లెంలో అన్నం పెరిగింది. పప్పు, కూర తగ్గాయి.

పని తగ్గి, అన్నం పెరిగితే ఏమవుతుంది? ఒళ్లు పెరుగుతుంది.

2019 నుంచి 2021 దాకా దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100 మందికి 30 మంది ఎక్కువ బరువు ఉన్నారని అందులో తేలింది. అదే సర్వేలో ఇంకో మాట కూడా బయటపడింది. 100 మందిలో 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. అంటే ఒళ్లు లావుగా ఉన్నంత మాత్రాన ఒంట్లో బలం ఉందని కాదు. లావుగా ఉన్న మనిషికి కూడా రక్తం తక్కువ ఉండవచ్చు.

బరువు పెరిగితే మోకాళ్లు నొస్తాయి. షుగరు, బీపీ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే చాలామంది బరువు తగ్గాలనుకుంటారు. కాని ఎట్లా తగ్గాలి? "తిండి మానెయ్" అని ఒకరు అంటారు. "అన్నం మానెయ్" అని ఇంకొకరు అంటారు. "నెయ్యి తాగు" అని మరొకరు అంటారు. ఎవరి మాట వినాలి? ఏ పద్ధతిలో ఆకలి తక్కువగా ఉంటుంది? ఒక్కొక్కటి చూడండి.

ముందు ఎవరు తగ్గాలో తెలియాలి

అందరూ తగ్గనక్కర లేదు. ఎత్తును బట్టి బరువు ఉండాలి.

ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు ఉంటే బరువు 40 నుంచి 50 కిలోలు ఉండవచ్చు.
ఎత్తు 5 అడుగులు ఉంటే 43 నుంచి 53 కిలోలు ఉండవచ్చు.
ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు ఉంటే 46 నుంచి 57 కిలోలు ఉండవచ్చు.

నడుము చుట్టుకొలత కూడా చూడాలి. బట్టలు కుట్టే టేపుతో కొలుచుకోవచ్చు. ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు దాటకూడదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వే ఎక్కువ కీడు చేస్తుంది.

బరువు ఈ లెక్క కన్నా తక్కువ ఉంటే? అప్పుడు తగ్గడం కాదు, పెరగాలి. తెలంగాణలో అట్లాంటి ఆడవాళ్లు కూడా తక్కువేమీ లేరు. పక్కింటామె తగ్గుతున్నదని సన్నగా ఉన్నవాళ్లు పస్తులుండకూడదు.

ఆకలి ఎందుకు వేస్తుంది?

తిండిలో శక్తి ఉంటుంది. శక్తిని క్యాలరీలలో కొలుస్తారు. బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొలిచినట్టే ఇది. ఒంటికి కావలసిన దాని కన్నా ఎక్కువ శక్తి తింటే మిగిలింది కొవ్వుగా మారుతుంది. తక్కువ తింటే ఒంట్లో దాచిన కొవ్వు కరుగుతుంది. ఏ పద్ధతిలో బరువు తగ్గినా అసలు సంగతి ఇదే.

కాని కడుపుకు క్యాలరీలు తెలియవు. కడుపు మూడు సంగతులు చూస్తుంది.

ఒకటి, ఎంత నిండింది? నీళ్లు, పీచు ఉన్న తిండి కడుపును బాగా నింపుతుంది. ఆనిగెపుకాయ, బీరకాయ, కీరకాయ, ఆకుకూరలు అట్లాంటివి.

రెండు, ఎంతసేపు నిలుస్తుంది? పప్పు, గుడ్డు, శనగలు, పెసర్లు, చేపల్లో మాంసకృత్తులు ఉంటాయి. ఇవి నిదానంగా అరుగుతాయి. ఆకలిని ఆపుతాయి.

మూడు, ఎంత నెమ్మదిగా తిన్నారు? కడుపు నిండిందన్న సంగతి తలకు చేరడానికి కొంత సమయం పడుతుంది. గబగబా తింటే ఆ కబురు అందేలోపే ఎక్కువ తినేస్తారు.

1995లో ఆస్ట్రేలియా దేశంలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఒక పరీక్ష చేశారు. 38 రకాల తిండి పదార్థాలు తీసుకున్నారు. అన్నిటిలో శక్తి సమానంగా ఉండేట్టు కొలిచి పెట్టారు. రెండు గంటల పాటు ఎవరికి ఎంత ఆకలి వేసిందో రాసుకున్నారు. అన్నిటి కన్నా ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంచింది ఏమిటి? ఉడకబెట్టిన ఆలుగడ్డ! అన్నిటి కన్నా తొందరగా ఆకలి పుట్టించింది వెన్న పూసి చేసే ఒక రకం బ్రెడ్డు. ఉడికిన ఆలుగడ్డలో నీళ్లు ఎక్కువ. వెన్న బ్రెడ్డులో కొవ్వు ఎక్కువ. అదే ఆలుగడ్డను నూనెలో వేయించి చిప్స్ చేస్తే? నీళ్లు పోతాయి, నూనె చేరుతుంది. పిడికెడు చిప్స్‌లో ఉన్న శక్తి ఎక్కువ. కడుపు మాత్రం నిండదు.

ఇప్పుడు ఊళ్లలో వినిపించే పద్ధతులను ఈ లెక్కతో చూడండి.

మొదటి పద్ధతి: ఒక్కపొద్దులు

చాలామంది శనివారమో, సోమవారమో ఒక్కపొద్దు ఉంటారు. కొందరు ఇప్పుడు రోజూ ఉదయం తినడం మానేస్తున్నారు. రోజులో 8 గంటల లోపలే తింటున్నారు. మిగతా 16 గంటలు నీళ్లే.

దీనివల్ల బరువు తగ్గుతుందా? తగ్గవచ్చు. 2022లో చైనా దేశంలో 139 మంది మీద ఏడాది పాటు చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొందరు 8 గంటల్లోనే తిన్నారు. మిగతావాళ్లు ఎప్పుడంటే అప్పుడు తిన్నారు. అందరికీ తిండి మాత్రం ఒకే లెక్కలో తగ్గించారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ బరువు తగ్గాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే గడియారం కాదు, తిన్న మొత్తమే బరువు తగ్గించింది.

ఆకలి సంగతి? కొందరికి అలవాటవుతుంది. కొందరికి మాత్రం సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. ఒక్కపొద్దు విడిచాక బజ్జీలు, పూరీలు, సగ్గుబియ్యం వడలు తింటారు. పొద్దంతా మిగిల్చింది రాత్రికి తిరిగి వస్తుంది. పొద్దున చాయ తాగి పనికి పోయి, మధ్యాహ్నం 3 గంటలకు ఆకలితో కుండంత అన్నం తినేవాళ్లది కూడా ఇదే తీరు.

షుగరుకు గోలీలు మింగేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పస్తులుంటే ప్రమాదం. షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి. మనిషి స్పృహ తప్పవచ్చు.

రెండో పద్ధతి: అన్నం మానేసి రొట్టె

"రాత్రికి అన్నం మానేసి రొట్టె తింటున్న. అయినా తగ్గుతలేను" అని కొందరు అంటారు. ఎందుకు?

100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి. 100 గ్రాముల జొన్నపిండిలో, గోధుమపిండిలో కూడా ఇంచుమించు అంతే. పేరు మారినంత మాత్రాన శక్తి తగ్గదు. నాలుగు చపాతీలు నూనె వేసి కాల్చుకుంటే ఇంకా పెరుగుతుంది.

మరి జొన్నరొట్టె వల్ల లాభం లేదా? ఉంది. పీచులో తేడా ఉంది. 100 గ్రాముల బియ్యంలో పీచు సుమారు 3 గ్రాములే. జొన్నలో 10 గ్రాములు, సజ్జలో 11 గ్రాములు. జొన్నరొట్టెను నమలాలి. నమిలితే నెమ్మదిగా తింటారు. నూనె లేకుండా కాలుతుంది. ఒకటిన్నర రొట్టె తినేసరికి చాలనిపిస్తుంది. అంటే రొట్టె మంత్రం కాదు. తక్కువ తిన్నా కడుపు నిండేట్టు చేస్తుంది, అదే దాని లాభం.

మూడో పద్ధతి: సిరిధాన్యాలు

కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు. ఈ అయిదింటికి తెలుగు ఊళ్లలో మళ్లీ పేరు తెచ్చినవాళ్లలో డాక్టర్ ఖాదర్ వలీ ఒకరు. ఆయన మైసూరులో ఉంటారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

బియ్యం, గోధుమలు మాని ఈ ధాన్యాలు వండుకోవాలన్నది ఈ పద్ధతి. పీచు ఉంటుంది కాబట్టి అన్నం కన్నా ఎక్కువసేపు ఆకలి ఆగుతుంది. కాని ఇవి కూడా ధాన్యాలే. పళ్లెం నిండా కొర్ర అన్నం తింటే బరువు తగ్గదు. పై పొట్టంతా తీసి తెల్లగా పాలిష్ పట్టినవి కొంటే పీచు కూడా పోతుంది. ధర కూడా చూసుకోవాలి. రేషన్ బియ్యం ఉచితం. సిరిధాన్యాలు కొనాలి. ఇంటిల్లిపాదికీ రోజూ కొనడం కష్టం. జొన్నలు, సజ్జలు వాటి కన్నా అగ్గువకు దొరుకుతాయి. అవి కూడా చిరుధాన్యాలే. వారంలో నాలుగు పూటలు జొన్నరొట్టె అయినా మంచిదే.

ఏ ధాన్యమూ అన్ని రోగాలనూ పోగొట్టదు. షుగరు గోలీలు మానేసి ధాన్యాల మీద ఆధారపడకూడదు.

నాలుగో పద్ధతి: ఉప్పు, నూనె లేని వంట

డాక్టర్ మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి ఆశ్రమం విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఉంది. ఉప్పు, నూనె, పంచదార లేకుండా వండుకోమని ఆయన చెబుతారు. కూర ఎక్కువ, పుల్కా తక్కువ తినమంటారు. మొలకలు, పండ్లు తినమంటారు. రాత్రి భోజనం పెందలాడే ముగించమంటారు.

దీనిలో కడుపు నిండుతుంది. కూరగాయలు కుప్పగా తింటారు కాబట్టి ఆకలి తక్కువ. నూనె ఉండదు కాబట్టి శక్తి తక్కువ. ఒక గ్రాము నూనెలో 9 క్యాలరీలు. ఒక గ్రాము పిండి పదార్థంలో 4 మాత్రమే. నూనె తగ్గిస్తే పళ్లెం చిన్నది కాకుండానే శక్తి తగ్గుతుంది.

కష్టం ఎక్కడ? నాలుకతో. ఉప్పు, కారం, తొక్కు అలవాటైన ఇంట్లో చప్పటి కూర ఎన్నాళ్లు తింటారు? ఒక ఇంట్లో రెండు వంటలు ఎవరు చేస్తారు? ఉప్పు, నూనె పూర్తిగా మానలేనివాళ్లు సగానికి తగ్గించవచ్చు. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. తొక్కులో, పాపడాల్లో ఉన్న ఉప్పు కూడా ఇందులోకే వస్తుంది.

అయిదో పద్ధతి: కొవ్వు తాగడం

2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి తెలుగు ఊళ్లన్నిటా మారుమోగింది. అన్నం, రొట్టె, పంచదార, పప్పు పూర్తిగా మానాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నెయ్యి లాంటి కొవ్వు తీసుకోవాలి. నిమ్మరసం, 4 లీటర్ల నీళ్లు తాగాలి. విటమిన్ గోలీలు మింగాలి.

పిండి పదార్థం అందకపోతే ఒళ్లు కొవ్వును కాల్చడం మొదలుపెడుతుంది. అప్పుడు చాలామందికి ఆకలి తగ్గుతుంది. అది నిజమే. మొదటి వారంలో బరువు గబగబా దిగుతుంది. అందులో ఎక్కువ భాగం ఒంట్లోని నీరు. కొందరికి తలనొప్పి, నీరసం, మలబద్ధకం వస్తాయి. అన్నం తినడం మళ్లీ మొదలుపెట్టగానే దిగిన బరువు చాలామందికి తిరిగి వస్తుంది.

ఖర్చు కూడా ఎక్కువ. నెయ్యి, కొబ్బరినూనె, గుడ్లు, మాంసం రోజూ కొనాలి. షుగరు, బీపీ గోలీలు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ పద్ధతి పట్టుకోకూడదు.

మరి ఏది మేలు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 609 మంది మీద ఏడాది పాటు ఒక పరీక్ష చేశారు. 2018లో దాని ఫలితాలు బయటకు వచ్చాయి. సగం మందికి కొవ్వు తగ్గించారు. సగం మందికి పిండి పదార్థాలు తగ్గించారు. ఏడాదికి ఒక గుంపు సగటున 5 కిలోల పైచిలుకు తగ్గింది. రెండో గుంపు 6 కిలోలు తగ్గింది. అంటే పెద్ద తేడా లేదు.

కాని రెండు గుంపులకూ కొన్ని మాటలు ఒకటే చెప్పారు. కూరగాయలు బాగా తినండి. పంచదార, మైదా తగ్గించండి. ఇంట్లో వండుకోండి.

ఇంకో పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అదీ అమెరికాలోనే. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో చేసిన ప్యాకెట్ తిండి పెట్టారు. రెండు వారాలు ఇంటి వంట లాంటిది పెట్టారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. బరువు పెరిగారు.

అంటే తేలింది ఏమిటి? పద్ధతి పేరు ముఖ్యం కాదు. కడుపును ఏమిటితో నింపారన్నది ముఖ్యం. ఆ పద్ధతిని ఏళ్ల తరబడి చెయ్యగలరా అన్నది ఇంకా ముఖ్యం.

రెండు పళ్లేలు

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ తిండిలో ఏముందో ఇక్కడ పరీక్షించి చెబుతారు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని ఈ సంస్థ 2024లో చెప్పింది. రోజుకు 2000 క్యాలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు సరిపోతాయని లెక్క వేసింది. పాలు లేదా పెరుగు, పండ్లు, పల్లీల వంటివి కూడా ఉండాలంది.

ఇప్పుడు రెండు పళ్లేలు చూడండి. ఇది ఉజ్జాయింపు లెక్క.

మొదటి పళ్లెం: 150 గ్రాముల బియ్యం వండిన అన్నం. నూనె తేలే తొక్కు. పలుచని పప్పు రెండు గరిటెలు. మొత్తం సుమారు 750 క్యాలరీలు.

రెండో పళ్లెం: 75 గ్రాముల బియ్యం వండిన అన్నం, లేకుంటే ఒక జొన్నరొట్టె. గట్టి పప్పు ఒక కటోర. ఆనిగెపుకాయ కూరో, పాలకూరో పెద్ద కటోర. రెండు చిన్న చెంచాల నూనె. పలుచని సల్ల ఒక గ్లాసు. మొత్తం సుమారు 580 క్యాలరీలు.

రెండో పళ్లెమే పెద్దది. కడుపు కూడా దానితోనే ఎక్కువ నిండుతుంది. అయినా శక్తి 170 క్యాలరీలు తక్కువ. రెండు పూటలకు 340 తగ్గాయి. రోజుకు మూడు చాయలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకునే మనిషి చక్కెర మానితే ఇంకో 120 తగ్గుతాయి. ఇట్లా తింటే నెలకు కిలో, కిలోన్నర దాకా తగ్గవచ్చు. నెమ్మదిగా తగ్గిందే నిలుస్తుంది. వారానికి అరకిలో తగ్గినా చాలు.

సాయంత్రం ఆకలి వేస్తే? మిర్చీ బజ్జీ, బిస్కెట్ల బదులు పెసర్ల గుడాలు, శనగ గుడాలు, ఉడికిన గుడ్డు తినవచ్చు. ఒక గుడ్డులో 70 క్యాలరీలే. మాంసకృత్తులు 6 గ్రాములు ఉంటాయి. భోజనానికి ముందు ఒక గ్లాసు పలుచని చారో, సల్లో తాగితే అన్నం మీద తొందర తగ్గుతుంది. రాత్రి నిద్ర చాలకపోయినా మర్నాడు ఆకలి పెరుగుతుంది. కాబట్టి నిద్ర కూడా మందే.

కూర ఎవరికి మిగులుతుంది?

ఇదంతా చదివి "బాగుంది కాని నాకు కూర ఏడ మిగులుతది?" అని అడిగే ఆడవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న చాలా పెద్దది.

చాలా ఇళ్లలో ఆడవాళ్లు చివరికి తింటారు. మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తిన్నాక కూర్చుంటారు. అప్పటికి కూర గిన్నె అడుగంటుతుంది. పప్పు అయిపోతుంది. అన్నం మాత్రం మిగులుతుంది. ఆమె ఆ అన్నంలో తొక్కు కలుపుకుంటుంది. పారెయ్యడం ఎందుకని పిల్లలు వదిలింది కూడా తింటుంది. శక్తి ఎక్కువ తింటుంది. బలమైన తిండి తక్కువ తింటుంది. అందుకే ఒళ్లు లావవుతుంది, రక్తం తగ్గుతుంది. అది ఆమె తప్పు కాదు. ఇంట్లో పంపకం అట్లా ఉంది.

దీనికి మందు ఏ పుస్తకంలోనూ లేదు. పంపకం మారాలి. వండిన వెంటనే ఆమె వాటా కూర, పప్పు ఒక గిన్నెలో తీసిపెట్టాలి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినాలి. కూర ఒక కటోర ఎక్కువ వండాలి, బియ్యం ఒక గ్లాసు తక్కువ పొయ్యాలి. కుండ ఒకటే, వంట ఒకటే. ఇంట్లో అందరికీ అది మంచిదే. మిగిలిన అన్నం మర్నాడు పులిహోరో, తాలింపన్నమో చేసుకోవచ్చు. కడుపులో వేసుకోవడానికి అది చెత్తకుండీ కాదు.

కూరగాయలు పిరం కదా అనవచ్చు. చేవెళ్ల, మొయినాబాదు, శంకర్‌పల్లి చుట్టుపక్కల కూరగాయలు, ఆకుకూరలు పండుతాయి. బండ్ల మీద హైదరాబాదు మార్కెట్లకు పోతాయి. పండించిన ఊళ్లో మాత్రం తొక్కుతో అన్నం తింటే ఏం లాభం? కాలానికి వచ్చిన కూర కొంటే అగ్గువ. పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర ఇంటి వెనుక కొంచెం జాగాలో కూడా పెరుగుతాయి. చిక్కుడు, బీర తీగలు గోడకు పాకుతాయి. రెండు ప్యాకెట్ల చిప్స్ డబ్బులు పక్కన పెడితే వాటితో ఆకుకూర కొనవచ్చు.

నడక కూడా కావాలి. ఇంటిపని చేసేవాళ్లు రోజంతా నిలబడే ఉంటారు. అయినా అరగంట వేగంగా నడిస్తే మంచిది. నలుగురు కలిసి నడిస్తే భయం ఉండదు, కబుర్లూ సాగుతాయి.

జాగ్రత్తలు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే పద్ధతులు ఏవీ చెయ్యకూడదు.

పద్ధతి మార్చకుండానే బరువు పెరిగితే, నీరసంగా ఉంటే, నెలసరి తప్పుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

తినేది మార్చకుండానే బరువు తగ్గిపోతుంటే అది కూడా జబ్బు గుర్తే. దవాఖానకు పోవాలి.

"నెలలో 10 కిలోలు తగ్గిస్తం" అని డబ్బాల పొడులు, గోలీలు అమ్మేవాళ్లను నమ్మకూడదు. వేల రూపాయలు పోతాయి. లోపల ఏముందో తెలియదు.

పల్లె దవాఖానలో, ఆరోగ్య కేంద్రంలో బరువు, బీపీ, షుగరు చూస్తారు. ఆశా కార్యకర్తను అడిగితే ఎప్పుడు రావాలో చెబుతుంది. 30 ఏళ్లు దాటినవాళ్లు ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. రక్తం కూడా పరీక్ష చేయించుకోవాలి.

గుర్తుంచుకోండి

పస్తులు వద్దు. పళ్లెం మార్చండి.
అన్నం సగం చెయ్యండి. కూర రెండింతలు చెయ్యండి.
ప్రతి పూటా పప్పో, గుడ్డో, గుడాలో ఉండాలి.
నూనె, చక్కెర, ప్యాకెట్లు తగ్గించండి.
నెమ్మదిగా నమిలి తినండి.
వండిన చెయ్యి వాటా ముందే తీసిపెట్టండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరు ముందు తింటారు? ఎవరు చివరికి తింటారు?
2. నిన్న రాత్రి మీ పళ్లెంలో కూర ఎంత? అన్నం ఎంత? గీసి చూపండి.
3. మీ అమ్మ, అత్త కాలంలో ఏ ధాన్యం తినేవారు? ఇప్పుడు ఎందుకు మారింది?
4. మీ ఊళ్లో ఈ నెలలో అగ్గువకు దొరికే కూరగాయలు ఏవి? పేర్లు రాయండి.
5. మీ ఎత్తు, బరువు, నడుము కొలత రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచి పక్కనే రాయండి.